తలుపులు ఊడదీసిన ఆడ జైలు

తంగెళ్లపాడు ఆడ జైలు తాళం పగలగొట్టిన కేసులో రెండో ముద్దాయి, నరసరావుపేట మేజిస్ట్రేటు వారి ముందు, 1948వ సంవత్సరం ఏప్రిల్ 5వ తేదీ సోమవారం పగటిపూట చెప్పగా ఆమె మాటల్లోనే రాసుకున్నది.

నా పేరు తాళ్లూరి ఎలిజబెత్తు. నా మొగుడు శౌరి చనిపోయి పదేళ్లు దాటింది. నాకు నలభై ఏడేళ్లు. కాపురం తంగెళ్లపాడు, రోమన్ కతోలిక పేట. ఆడ జైల్లో వార్డరుగా చేశాను. జైలు ఎత్తేసినాక మా ఊరి లోకల్ ఫండు దవాఖానాలో ఆయాగా చేస్తున్నాను. ఎవరన్నా బెదిరించి చెప్పిస్తున్నారా అని అయ్యగారు అడిగారు. ఎవరూ బెదిరించలేదు.

జైలు సంగతి ముందు చెప్పమన్నారు. అది కట్టినప్పుడు జైలు కాదు, పత్తి బేళ్ల గోదాము. కరువొచ్చినప్పుడు అందులో గంజి కాచి పోశారంట. మా అత్త చిన్నపిల్లగా ఆ గంజి తాగే బతికింది. ఇది నేను చూసింది కాదు, విన్నమాట. తర్వాత దాన్ని నాలుగు గదులు చేసి, చుట్టూ గోడ లేపి, ఆడవాళ్లకి జైలు చేశారు. నేను చేరేటప్పటికి వాకిట్లో బావి ఉంది, వంటకి ఒక పంచ ఉంది. గది తలుపులు చెక్కవి, ఇనప పట్టీలు కొట్టినవి. కిటికీలు లేవు. తలుపు వేస్తే పైన జానెడు సందులోంచి వచ్చేదే వెలుతురు.

అక్కడికి సారా కాసి దొరికినవాళ్లు వచ్చేవాళ్లు. ఒకరి చేలో పత్తి తీసుకున్నవాళ్లు వచ్చేవాళ్లు. సవతి తల పగలగొట్టినామె ఒకామె వచ్చింది, చానా నెమ్మదస్తురాలు, వంట బాగా చేసేది. బిడ్డని తీసుకుని బావిలో దూకి, బిడ్డ పోయి తాము బతికినవాళ్లు కూడా వచ్చేవాళ్లు. వాళ్లు తిండి గురించి గొడవ చేసేవాళ్లు కాదు. పెట్టింది తినేవాళ్లు.

నలభైరెండులో కాంగ్రెసు ఆడవాళ్లని తెచ్చారు. నలుగురు పడుకునే గదిలో తొమ్మండుగురిని ఉంచాము. వాళ్లలో లీలావతి అనే ఆమె నన్ను ఎలిజబెత్తు గారూ అని పిలిచేది. అంతకు ముందు నన్ను ఎవరూ గారూ అని పిలవలేదు. మొదటిసారి పిలిచినప్పుడు నా వెనక ఎవరున్నారా అని తిరిగి చూశాను.

ఆ ఏడాది చివర్లో గుల్జార్ బేగాన్ని తెచ్చారు. ఫిర్యాదులో మొదటి ముద్దాయిగా రాసింది ఆమెనే. ఆమెది మాచర్ల. మొగుడు గిన్నెలకి కళాయి పోసేవాడు. వాడి దెబ్బలు తట్టుకోలేక రెండేళ్ల కూతుర్ని చంకనేసుకుని బావిలో దూకింది. ఈమెని జుట్టు పట్టి పైకి లాగారు. పిల్ల దక్కలేదు. శిక్షలో మొదటి ఏళ్లు రాయవెల్లూరు జైల్లో గడిపింది. అక్కడ కాంగ్రెసువాళ్లతో జాగా చాలక, మిగతా శిక్షకి మా దగ్గరికి పంపారు. నాలుగేళ్లు నా చేతి కింద ఉంది. కూతురి పేరు ఏంటో నాకు చెప్పలేదు. నేనూ అడగలేదు.

సాయంత్రం పూట నేను గదులకి తాళాలు వేసేదాన్ని. మిగతావాళ్లు గొణుక్కునేవాళ్లు, ఒకామె అయితే నన్ను రోజూ తిట్టేది. గుల్జారు మాత్రం గోడవైపు తిరిగి నిలబడేది. "ఏసెయ్యక్కా, నేను చూడను" అనేది. నేను వేసేదాన్ని. అది నా ఉద్యోగం.

నలభైఆరులో జైలు ఎత్తేశారు. మిగిలిన ఖైదీలని వేరే ఊళ్లకి పంపారు. గుల్జారు శిక్ష అప్పటికి తీరింది. ఆమె కోసం మాచర్ల నుంచి ఎవరూ రాలేదు. గేటు బయట రాయి మీద కూచుంది. మధ్యాహ్నం నేను సామాను సర్దుకుని బయటికొచ్చేసరికి అక్కడే కూచుని ఉంది.

"ఎక్కడికి పోతావే?" అన్నాను.

"తెలవదక్కా" అంది.

మా ఇంటికి తీసుకుపోయాను. పక్కన తాటాకు పంచ వేసి ఇచ్చాను. పాత చీరలతో బొంతలు కుట్టేది. ఊళ్లో పురుడొచ్చిన ప్రతి ఇంటికీ ఆమె కుట్టిన బొంతే పోయేది. నాకు రోజూ దవాఖానాకి అన్నం తెచ్చేది. జైలు ముందు దారిన వస్తే దగ్గర. ఆమె కుమ్మరివీధి అంతా చుట్టి వచ్చేది. అన్నం చల్లారిపోయేది. చల్లారిందే తినేదాన్ని.

జైలు గేటు తాళంచెవి గ్రామ మునసబు శివరామయ్య గారి దగ్గర ఉండేది. లోపల రెండు గదులు ఫిర్యాది నాగేశ్వరరావు గారు పత్తి బేళ్లకని సర్కారు దగ్గర అద్దెకి తీసుకున్నారు. ఆ మాట నిజం. మిగతా రెండు గదులూ ఊరికే ఉన్నాయి. ఇప్పుడు కేసు సంగతి చెబుతాను.

ఈ ఏడు శివరాత్రి మార్చి తొమ్మిదో తేదీ, మంగళవారం. కోటప్పకొండ తిరునాళ్ల నుంచి బళ్లు మా ఊరి మీదుగానే తిరిగిపోతాయి. గురువారం పొద్దెక్కాక ఒక బండి వచ్చి దవాఖానా ముందు ఆగింది. బండివాడి పేరు జక్కయ్య, అచ్చంపేట మనిషి. బండిలో అతని భార్య సౌభాగ్యం ఉంది. దారిలో మరో బండివాళ్లు దించేసి పోయారని ఇంకో ఆడమనిషిని కూడా ఎక్కించుకొచ్చాడు. ఆమె తిరునాళ్లలో గాజులమ్ముకునే చాంద్ బీ. ఇద్దరికీ వాంతులు, విరేచనాలు. కళ్లు లోపలికి పోయాయి. చేతివేళ్లు నీళ్లలో నానినట్టు ముడతలు పడ్డాయి. చూడగానే కలరా అని తెలిసింది.

డాక్టరు గారిని కొండ దగ్గరికి డ్యూటీకి వేశారు. దవాఖానాలో కాంపౌండరు శ్రీమన్నారాయణ గారు ఒక్కరే ఉన్నారు. మా దవాఖానా ఒకటే గది. అందులో అప్పటికే పురుటి మనిషి ఉంది. కలరా మనుషుల్ని ఆమె పక్కన పడుకోబెట్టకూడదని కాంపౌండరు గారు అన్నారు. ఆ మాట సరైందే. సత్రానికి పోతే తలుపు తియ్యలేదు. బడికి పోతే పంతులు పిల్లల్ని పంపేసి తాళం వేసుకుపోయాడు. ఈలోపు ఇంకో బండి వచ్చింది, దాంట్లో ఇంకో మనిషి.

నేను మునసబు గారింటికి పోయాను. అరుగు మీద ఉన్నారు.

"అయ్యా, జైలు తాళంచెవి ఇప్పించండి. కలరా వచ్చిన ఆడవాళ్లని పండబెట్టాలి" అన్నాను.

"ఏందమ్మే, ఇంట్లో చెంబు అడిగినట్టు అడుగుతున్నావు? అది సర్కారు బిల్డింగు. తాలూకా నుంచి తాఖీదు రావాలి."

"తాఖీదు వచ్చేలోపు మనుషులు పోతారయ్యా."

"నా ఉద్యోగం కూడా పోయిద్ది" అన్నారు. లేచి లోపలికి పోతా, "ఆ తాళానికి నూనె పెట్టి రెండేళ్లయింది, తుప్పు తినేసింది" అన్నారు.

అది అనుమతా అని అయ్యగారు అడిగారు. అనుమతి అని నేను చెప్పను. తాళం సంగతి చెప్పారు, అంతవరకే. పగలగొట్టమని ఆయన అనలేదు. పగలగొట్టాలని నేనే అనుకున్నాను.

జక్కయ్య బండి తోలుకుని వెనక వచ్చాడు. నేను రాయి తీసుకుని తాళం మీద కొట్టాను. నాలుగైదు దెబ్బలకి ఊడింది. కొట్టింది నేను. జక్కయ్య ఎద్దుల దగ్గర ఉన్నాడు. గుల్జారు అప్పటికి ఇంకా రాలేదు. ఈ మాట ఉన్నదున్నట్టు రాయమని కోరుతున్నాను.

తర్వాత గుల్జారు అన్నం గిన్నె పట్టుకుని వచ్చింది. దవాఖానాలో నేను లేనని తెలిసి వెతుక్కుంటా వచ్చింది. గేటు బయటే ఆగింది. నేను రమ్మనలేదు. సౌభాగ్యం బండిలోంచి నీళ్లు నీళ్లు అని అరుస్తా ఉంది. గుల్జారు గిన్నె గోడ మీద పెట్టింది. నేరుగా లోపలికొచ్చి, బావిలో చేద వేసి నీళ్లు తోడింది. చేద రెండుసార్లు గట్టుకి కొట్టుకుంది.

ఖాళీ గదులు రెండూ చాలవని నాగేశ్వరరావు గారి గదులు కూడా తీశాము. వాటి తాళాలు జక్కయ్య గునపంతో ఊడదీశాడు. నేను తియ్యమంటే తీశాడు. బేళ్లు వాకిట్లోకి దొర్లించాము. కొన్నిటి గోనె చించి పక్కలకి వేశాము. అవి పాడైతే తర్వాత కాల్చేశాము. ఆయనకి నష్టం జరిగిన మాట నిజం.

మనుషుల్ని లోపలికి చేరవేస్తుంటే గుల్జారు నా చెయ్యి పట్టుకుంది.

"అక్కా, తలుపులు ఊడదీయించు."

"ఎందుకే? తెరిచే ఉన్నాయిగా."

"తెరిచి ఉంటే ఎవరో ఒకరు మూస్తారు. ఉండకూడదు."

నాకు అప్పుడు ఆమె మాట పూర్తిగా అర్థం కాలేదు. ఆమెకి ఆ గదుల్లో ఊపిరాడటం లేదనుకున్నాను. సరే అన్నాను. జక్కయ్య గునపం అడుగున పెట్టి ఎత్తితే తలుపులు బందుల్లోంచి లేచొచ్చాయి. గేటు రెక్కలు కూడా తీశాము. నేల చల్లగా ఉందని వాటిని ఇటుకల మీద పరిచి, పైన గోనె వేసి, రోగుల్ని పండబెట్టాము. తలుపులు దొంగిలించామని ఫిర్యాదులో ఉంది. ఒక్క చెక్క కూడా బయటికి పోలేదు. అన్నీ అక్కడే ఉన్నాయి, వాటి మీద మనుషులున్నారు.

నీళ్లు కాచి చల్లార్చి పోశాము. గంజిలో ఉప్పేసి తాగించాము. కాంపౌండరు గారు బావిలో ఎర్రమందు కలిపారు. సాయంత్రానికి ఏడుగురయ్యారు. చుట్టుపక్కల ఊళ్ల వాళ్లు కూడా తెచ్చి దించసాగారు.

శుక్రవారం పొద్దున ఊళ్లో మగవాళ్లు ఒక ఇరవైమంది గుంపుగా వచ్చారు. వాళ్ల దగ్గర గొలుసు, కొత్త తాళం ఉన్నాయి. ఎవరెవరో పేర్లు చెప్పమన్నారు. నేను చెప్పను. భయపడి వచ్చారు. వాళ్లకీ పిల్లలున్నారు. వాళ్లలో ఒకతను అన్నాడు, "ఎలిజబెత్తమ్మా, నువ్వు బయటికి రా. లోపలున్నోళ్లని ఈ జబ్బు తగ్గిందాకా బయటికి రానివ్వం. గేటుకి తాళం వేస్తాం. గోడ మీద నుంచి తిండి అందిస్తాం."

"తాళం వేస్తే వాళ్లకి నీళ్లెవరు పోస్తారు?" అన్నాను.

"ఆ పాత ఖైదీ ఉందిగా. ఆమెకి లోపలుండటం అలవాటే" అన్నాడు.

గుల్జారు గేటు ఉండే చోట గడప మీద కూచుని గిన్నె తోముతా ఉంది. తల ఎత్తి చూసింది.

"ఏ తలుపుకేస్తావన్నా తాళం?" అంది.

అతను అటూ ఇటూ చూశాడు. గేటు లేదు. గదులకి తలుపుల్లేవు. లోపల గది కనపడతా ఉంది. తలుపు చెక్క మీద సౌభాగ్యం పడుకుని వీళ్లనే చూస్తా ఉంది. వాళ్లలో ఒక పెద్దాయన, "పదండ్రా" అన్నాడు. మళ్లీ రాలేదు. ఆదివారం నుంచి ఆ పెద్దాయన భార్యే మాకు కట్టెలు పంపింది.

తలుపులు ఎందుకు తీయమందో నాకు అప్పుడు తెలిసింది. నేను పదిహేనేళ్లు ఆ తలుపులకి బయటి వైపు నిలబడ్డదాన్ని. అది నాకు తట్టలేదు.

శనివారం డాక్టరు గారు వచ్చి సూదితో ఉప్పునీళ్లు ఎక్కించారు. అప్పటినుంచి చానామంది తేరుకున్నారు. మొత్తం మీద పందొమ్మిది మంది వచ్చారు. ఐదుగురు పోయారు. పోయినవాళ్ల వివరం డాక్టరు గారి దగ్గర ఉంది. దాంట్లో ఆరో పేరు గుల్జార్ బేగం అని రాసి ఉంటది. ఆమె రోగిగా రాలేదు గనక నేను ఐదుగురనే చెప్పాను.

ఆమెకి సోమవారం మొదలైంది. నాకు చెప్పలేదు. చాంద్ బీకి గంజి పోస్తా పోస్తా గోడకి ఆనుకుంది. అప్పుడు చూశాను. డాక్టరు గారు పక్క ఊరికి పోయి ఉన్నారు. మనిషిని పంపాము. వచ్చి సూది వెయ్యబోయారు. నరం దొరకలేదు. రెండు చేతులూ చూశారు, కాళ్లూ చూశారు, దొరకలేదు.

మంగళవారం పొద్దున తెలివిలోనే ఉంది. ఆమెని మూడో గదిలో పండబెట్టాను. జైలుగా ఉన్నప్పుడు కూడా ఆమెది మూడో గదే. ఖాళీ అయింది ఆ చోటొక్కటే, వేరే చోటు లేదు. "వేరే గదిలోకి మార్చమంటావా?" అని అడిగాను. వద్దంది. ఎండ గుమ్మంలోంచి లోపలికి పడతా ఉంది. దానివైపు చూస్తా ఉంది.

"అక్కా, ఈ గదిలోకి ఎండొచ్చిద్దని నాకు తెలవదు" అంది.

నాకూ తెలవదు అన్నాను. నిజంగానే తెలవదు. ఎండ వచ్చే వేళకి తలుపులు తీసి వాళ్లని పనికి వాకిట్లోకి పంపేదాన్ని. వెంటనే మళ్లీ వేసేదాన్ని.

తర్వాత ఆమె, "నా పిల్ల పేరు నూరీ" అంది. మధ్యాహ్నం కాకముందే పోయింది.

ఆమెకి స్నానం చేయించడానికి వాళ్ల మతం ఆడవాళ్లెవరూ రాలేదు. కలరా అని భయపడ్డారు. వాళ్లని అనను. చాంద్ బీ అప్పటికి లేచి కూచుంటా ఉంది. నిలబడే ఓపిక లేదు. కూచునే ఆమె చెబుతా ఉంటే నేను నీళ్లు పోశాను. ఏ పక్క ముందు కడగాలో, ఏ గుడ్డ ముందు చుట్టాలో ఆమె చెప్పింది. చదవాల్సిన మాటలు ఆమె చదివింది. దూదేకుల జిలానీ గారు నలుగురిని పిలుచుకొచ్చి తీసుకుపోయారు. వాళ్ల గోరీల దొడ్లో పడమటి గోడ దగ్గర పెట్టారు. జిలానీ గారు సాక్ష్యం చెబుతారు.

నెలాఖరులో నాకు సమను వచ్చింది. తాళం పగలగొట్టటం, తలుపులు ఊడదీయటం, బేళ్లు పాడుచేయటం, అన్నీ గుల్జారు చేసిందనీ, నేను ఆమెకి తోడు పోయాననీ ఫిర్యాదు. ఆమె పోకముందే ఇచ్చిన ఫిర్యాదు అది, శిక్షపడ్డ మనిషి గనక ఆమె పేరు ముందు రాశారు.

కాంపౌండరు శ్రీమన్నారాయణ గారు నా మంచి కోరే మనిషి. నిన్న మా ఇంటికి వచ్చారు.

"ఎలిజబెత్తమ్మా, ఒక మాట చెబుతా. ఫిర్యాదులో ఉన్నట్టే చెప్పు. తాళం ఆమె కొట్టింది, నేను వద్దన్నా విన్లేదు అను. చచ్చిపోయిన మనిషిని ఎవరు జైల్లో పెడతారు? నీకు శిక్ష పడితే ఉద్యోగం పోయిద్ది. నీకా వెనకా ముందూ ఎవరూ లేరు."

"ఆమెకి కూడా ఎవరూ లేరండీ" అన్నాను.

"ఆమెకింక నష్టమేంది?"

ఆ మాటే రాత్రంతా ఆలోచించాను. దానికి జవాబు ఇప్పుడు చెబుతాను. బావి కేసులో ఆమెని మాచర్లలో పోలీసులు అడిగారు, కోర్టులో జడ్జీ అడిగారు. నువ్వు దూకావా అంటే దూకానంది. పిల్లని తీసుకుని దూకావా అంటే అవునంది. మొగుడు కొట్టాడని కూడా చెప్పలేదంట. అడగలేదు గనక చెప్పలేదంది. చేసిన దానికి తొమ్మిదేళ్లు ఉండి వచ్చింది. చెయ్యనిదాన్ని ఇప్పుడు ఆమె మీద నేను వెయ్యను.

ఇప్పుడు ఆ జైలు ఎట్లా వాడుతున్నారని అడిగారు. కలరా తగ్గింది. నలుగురు ఇంకా ఉన్నారు, నీరసం తప్ప జబ్బు లేదు. మొన్న గురువారం ఒకామెకి అక్కడే పురుడు పోశాను, దవాఖానాలో చోటు లేక. డాక్టరు గారు పురుళ్లకి రెండు గదులు ఇప్పించమని పైకి రాశారు. ఊళ్లో ఆడవాళ్లు దాన్ని ఇంకా ఆడ జైలనే అంటున్నారు. "ఆడ జైలుకి పోయొస్తా" అని మొగుళ్లకి చెప్పి వస్తున్నారు.

బేళ్ల నష్టం ఎవరు కట్టాలో కోర్టు వారు చెప్పినట్టు చేస్తాను. తాళం కొట్టినందుకు శిక్ష వేస్తే పోతాను. నా మనవి ఒకటే. మొదటి ముద్దాయి అని ఉన్నచోట నా పేరు పెట్టండి. గుల్జార్ బేగం పేరు కొట్టేయండి. జక్కయ్య నేను చెప్పిన పనే చేశాడు, అతన్ని కూడా కలపవద్దు.

నేను చెప్పింది చెప్పినట్టు రాసి, నాకు తెలుగులో మళ్లీ చదివి వినిపించారు. ఒకచోట ఏడుస్తూ చెప్పినది అని రాశారు. నేను ఏడవలేదు, అది తీసేయమన్నాను, తీసేశారు. మిగిలినదంతా నిజం.

తాళ్లూరి ఎలిజబెత్తు (సంతకం)

మేజిస్ట్రేటు వారి రాత: ఈ మాటలు తనకే నష్టమని, చెప్పకుండా ఉండే హక్కు తనకు ఉన్నదని సంతకానికి ముందు రెండుసార్లు చెప్పాను. అర్థమైనదని అన్నది. మొదటి ముద్దాయి మరణం గురించి డాక్టరు ధ్రువపత్రం చూశాను. ఆమె మీద కేసు ఇంతటితో ముగిసినది, పేరు కొట్టివేశాను. జక్కయ్యను చేర్చలేదు. ఎలిజబెత్తును సొంత పూచీ మీద పంపాను. వాయిదా తేదీ చెప్పబోగా, ఆ వారంలో ఇద్దరికి నెలలు నిండుతున్నవని, వేరే తేదీ వేయమని కోరినది. వేశాను.